ముగ్గురు పిల్లల మాట: నమ్మే ముందు అడగవలసిన నాలుగు ప్రశ్నలు

ఇటీవల మొయినాబాద్‌లో పరిచయస్థుల ఇంట తొట్టెల కార్యక్రమానికి వెళ్ళాను. ఆ ఇంటి కోడలికి రెండవ కాన్పు. రెండుసార్లూ ఆపరేషన్ చేసే బిడ్డను తీశారు. భోజనాలయ్యాక అత్తగారు నా పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నది. "సారూ, మీ కాలంల ఇద్దరు చాలన్నరు. ఇప్పుడు పెద్ద పెద్ద లీడర్లే టీవీల ముగ్గురిని కనాలంటున్నరు. లేకుంటే మనోళ్ళే మిగలరంట. మా కోడలికి మీరన్న జెర చెప్పుండ్రి" అన్నది. గడప దగ్గర నిలబడి ఉన్న కోడలి ముఖం తెల్లగా పాలిపోయి ఉన్నది. రక్తం ఎంత ఉన్నదని అడిగాను. "ఎనిమిది అన్నరు సార్" అన్నది మెల్లగా.

నాయకులు వేదికల మీద చెప్పే ఒక అంకె చివరకు వచ్చి చేరేది ఇలాంటి గడప దగ్గరికే. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 అక్టోబరులో, రాష్ట్రంలో వృద్ధుల సంఖ్య పెరుగుతున్నదని, కుటుంబాలు ఎక్కువమంది పిల్లలను కనాలని అన్నారు. ఇద్దరికి మించి సంతానం ఉన్నవారికే స్థానిక ఎన్నికలలో పోటీచేసే అర్హత ఇచ్చే ఆలోచన ఉన్నదని కూడా చెప్పారు. అదే నెలలో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ చెన్నైలో ఒక సామూహిక వివాహ వేడుకలో, పార్లమెంటు స్థానాలు తగ్గుతాయన్న ఆందోళనను ప్రస్తావిస్తూ, పదహారుమందిని ఎందుకు కనకూడదని చమత్కరించారు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు, మూడవ సంతానం ఆడపిల్ల అయితే యాభై వేల రూపాయలు, మగపిల్లవాడైతే ఆవు ఇస్తానని ప్రకటించారు.

నాకు ఏ పార్టీతోనూ తగవు లేదు. వృద్ధుల సంఖ్య పెరుగుతున్నదన్న వారి ఆందోళన నిరాధారమూ కాదు. అయితే, కొత్త మందు ఏది వచ్చినా అది ఎవరికి, ఎంత మోతాదులో, ఏ హానితో అని వైద్యుడు అడిగి తీరాలి. నాయకుల మాటనూ అలాగే పరీక్షించుకోవాలని నా అభిప్రాయం. అందుకు నాలుగు ప్రశ్నలు చాలు.

మొదటి ప్రశ్న: ఆ అంకె నిజమేనా, దేనితో పోల్చి చెబుతున్నారు?

ఇప్పటి జననాల తీరే కొనసాగితే ఒక స్త్రీ తన జీవితకాలంలో సగటున ఎంతమందిని కంటుందో తెలిపేది సంతానోత్పత్తి రేటు. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అది తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. కాబట్టి రేటు తక్కువగా ఉన్నదన్న మాట నిజమే. కానీ చంద్రబాబు ప్రసంగపు వార్తలలో 2.1 అనేది జాతీయ సగటుగా అచ్చయింది. అది జాతీయ సగటు కాదు. ఒక తరం స్థానాన్ని తర్వాతి తరం భర్తీ చేయడానికి అవసరమైన స్థాయి. జాతీయ సగటు అదే సర్వేలో 2.0. అంటే దేశం మొత్తమే ఆ స్థాయి కిందికి దిగింది. తెలంగాణ విషయంలో మరొకటి కూడా గమనించండి. 2015-16 నాటి నాలుగవ సర్వేలోనూ మన రేటు 1.8 మాత్రమే. రెండు సర్వేల నడుమ అది కుప్పకూలలేదు.

ఇంకొక పొరపాటు కూడా వినిపిస్తున్నది. 2.1 కావాలంటే ఇంటికి ముగ్గురు ఉండాలట. సగటు అనేది లక్షలాది కుటుంబాలను కలిపి తీసిన లెక్క. సగటు వ్యక్తికి సరిపోయే చెప్పు కొలతను ఊరందరికీ తొడగలేము గదా!

రెండవ ప్రశ్న: ఎంత కాలంలో జరుగుతుందని అంటున్నారు?

రేటు 2.1 కంటే తగ్గిన మరుసటి ఏడాదే జనాభా తరగడం మొదలు కాదు. పెద్ద కుటుంబాల కాలంలో పుట్టినవారు ఇప్పుడు తల్లిదండ్రుల వయసులో పెద్దసంఖ్యలో ఉన్నారు. ఒక్కొక్కరు తక్కువమందినే కన్నా, మొత్తం జననాలు కొన్ని దశాబ్దాలపాటు మరణాల కంటే ఎక్కువగా ఉండగలవు. వృద్ధుల వాటా పెరగడం వాస్తవం. తెలుగువారు మాయమైపోతారనడం భయపెట్టే మాట. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపి చెప్పినప్పుడు విడదీసి వినడం మన పని. పార్లమెంటు స్థానాల సంగతి అంటారా, అది పార్లమెంటులో తేలవలసిన లెక్క, పురిటి గదిలో తేలేది కాదు.

మూడవ ప్రశ్న: చెప్పిన కారణం సరైనదేనా?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికలకు అనర్హులను చేసినది 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం. జనాభా తగ్గినది ఆ చట్టం వల్లనేనని, ఆ తర్వాత వచ్చిన విధానాల వల్లనేనని చాలామంది నమ్ముతారు. కానీ అంతకు ముందే, 1992-93 నాటి మొదటి సర్వేలోనే, మన రేటు 2.6కు దిగి ఉన్నది. అదే సర్వేలో కేరళ రేటు 2.0. అక్కడ అటువంటి చట్టమే లేదు. ఆడపిల్లల చదువు, పుట్టిన బిడ్డ బతుకుతాడన్న నమ్మకం, పెరిగిన ఖర్చులు, ఆలస్యమైన పెళ్ళిళ్ళు, వీటన్నిటి ప్రభావం అది. ఆపరేషన్ శిబిరాల పాత్ర లేదని నేననను. అది ఒక్కటే కారణం కాదని మాత్రం అంటాను.

ఈ నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో, తెలంగాణ 2025లో తొలగించాయి. తొలగించడం మంచిదే. పిల్లల సంఖ్యను బట్టి పౌరుని హక్కును కోయకూడదు. కానీ ఆ తొలగింపు వల్ల ఇళ్ళలో తొట్టెలు పెరుగుతాయని ఆశించడం అమాయకత్వం. దక్షిణ కొరియా ఎన్నో ఏళ్ళుగా నగదు ప్రోత్సాహకాలు ఇస్తున్నా 2023లో అక్కడి రేటు 0.72. ఇక ముగ్గురుంటేనే పోటీకి అర్హత అనడం, పాత తప్పునే తిరగవేసి తొడుక్కోవడం.

నాలుగవ ప్రశ్న: ఖర్చు ఎవరి శరీరం మీద పడుతుంది?

ఈ ప్రశ్న వేదికల మీద వినబడదు. ఐదవ సర్వే ప్రకారం తెలంగాణలో జరిగిన ప్రసవాలలో 60.7 శాతం సిజేరియన్లు. దేశ సగటు 21.5 శాతమే. దేశంలో ఈ విషయంలో మొదటి స్థానం మనదే. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఇటువంటి రాష్ట్రంలో మూడవ బిడ్డను కనండి అంటే, చాలామంది స్త్రీల విషయంలో మూడవసారి కడుపు కోయించుకోండి అని అర్థం. కోత పెరిగిన కొద్దీ మాయ పాత కుట్టు మీద అతుక్కుపోయే ప్రమాదం, దానివల్ల తీవ్ర రక్తస్రావం, గర్భసంచి తీసివేయవలసిన అవసరం పెరుగుతాయి. ఎనిమిది గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న తల్లి అంత రక్తస్రావాన్ని తట్టుకోలేదు.

వద్దు అనుకున్నా భారం ఆమెదే. దేశంలో భార్య వయసు 15 నుంచి 49 ఏళ్ళు ఉన్న దంపతులలో, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ స్త్రీ చేయించుకున్నవారు 37.9 శాతమైతే, పురుషుడు చేయించుకున్నవారు 0.3 శాతం. స్త్రీ ఆపరేషన్ కంటే వేసెక్టమీ సులువైనది, సురక్షితమైనది. 2022 ఆగస్టులో మన రంగారెడ్డి జిల్లాలోనే, ఇబ్రహీంపట్నంలో, ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేసిన శిబిరం తర్వాత నలుగురు తల్లులు మరణించారు. అంకెల కోసం పరుగెత్తితే ఏమవుతుందో చెప్పడానికి మనకు దూరపు ఉదాహరణ అక్కరలేదు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతాలలో పనిచేసిన రోజులలో, మార్చి నెలాఖరు వచ్చిందంటే మాకు ఆపరేషన్ల లక్ష్యమే ధ్యాస. ఇద్దరు చాలు అని ఊరూరా చెప్పాను. అది వైద్యసలహా అనే అనుకున్నాను. నిజానికి అందులో సగం పై నుంచి వచ్చిన ఆదేశం. చేవెళ్ళ దగ్గరి ఒక పల్లె నుంచి ఒక తల్లి, ఆపరేషన్ అయిన రెండేళ్ళకు కొడుకు జ్వరంతో పోతే, కట్టిన నాళం విప్పే వీలుందా సారూ అని నా దగ్గరికి వచ్చింది. ఆపరేషన్‌కు ముందు ఆమె నిజంగా ఏమి కోరుకున్నదో నేను అడగలేదన్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. ఆనాడు తక్కువ కనమన్న గొంతు, ఈనాడు ఎక్కువ కనమంటున్న గొంతు వేరువేరు కావు. రెండూ ఆమెను అడగకుండా మాట్లాడినవే.

కావున మీకు నా మనవి. ఎంతమంది పిల్లలన్నది దంపతులు, ముఖ్యంగా ఆ తల్లి, నిర్ణయించుకోవలసిన విషయం. ముగ్గురు కావాలని మనసారా అనుకుంటే కనండి, అందులో తప్పు లేదు. అయితే కాన్పుకూ మళ్ళీ గర్భం ధరించడానికీ నడుమ కనీసం రెండేళ్ళ ఎడం ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. గర్భానికి ముందే హిమోగ్లోబిన్ 12కు చేరేటట్లు చూసుకోండి. రెండు ఆపరేషన్లు అయినవారు ప్రసూతి వైద్యురాలితో మాట్లాడకుండా మూడవ కాన్పుకు సిద్ధపడవద్దు. ఒకరితో, ఇద్దరితో చాలనుకుంటే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

మీ ఊరికి వచ్చే నాయకుణ్ణి కూడా అడగండి. మా పిల్లల సంఖ్య సంగతి మేము చూసుకుంటాము. మా ఆసుపత్రిలో రాత్రిపూట రక్తం దొరుకుతుందా? మత్తు డాక్టరు ఉంటారా? కూలికి పోయే తల్లి బిడ్డను ఎక్కడ వదిలి పోవాలి? వీటికి జవాబు చెప్పిన తర్వాత జనాభా గురించి మాట్లాడమనండి.

ఆ రోజు అత్తగారికి నేను చెప్పినది ఇంతే: "అమ్మా, ముందు కోడలి ఒంట్ల రక్తం పెరగాలె. ఇంకొక బిడ్డ సంగతి ఆమెనే చెప్తది. అప్పటిదాక టీవీల మాట టీవీలనే ఉండనీ." ఆమె కొంచెం నొచ్చుకున్నది. కానీ మరునాడు కోడలిని వెంటబెట్టుకొని రక్తపరీక్షకు తానే తీసుకొని వెళ్ళింది.