దేగానా గుట్ట ముచ్చట: టంగ్‌స్టన్ కావాలె సరే.. ఊరోళ్ల మాట వద్దా?

మన ఊర్ల బోరు బండి నల్లరాయిని తొలుస్తదంటే, అది బిట్టు కొసకున్న బటన్ల మహిమ. ఆ బటన్లు టంగ్‌స్టన్ కార్బైడ్‌తోని చేస్తరు. లేత్ మిషన్ల టూల్ బిట్లు, ఫిరంగి గుండ్లు, పాత పచ్చబల్బుల తీగ.. అన్నిట్ల అదే లోహం. 3,422 డిగ్రీల దాక కరగదు. ప్రపంచంల తవ్వే టంగ్‌స్టన్‌ల ఐదింట నాలుగు వంతులు చైనాదే. 2025 ఫిబ్రవరిల చైనా దీని ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టంగనే ఢిల్లీల గుబులు మొదలైంది. ఎందుకంటే మనం దాదాపు మొత్తం బయటినుంచే కొంటున్నం.

మరి మనకు గని లేకుండెనా? ఉండె. రాజస్థాన్‌ల నాగౌర్ జిల్లా దేగానా కాడ రేవత్ గుట్ట అని ఒకటున్నది. 1914 ప్రాంతంల అక్కడ వుల్‌ఫ్రమైట్ బయటపడ్డది. నల్లగ, చేతిల పట్టుకుంటె ఇనుము లెక్క బరువుండే ఖనిజం. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండె కాబట్టి బ్రిటిషోళ్లు ఎంటనే తవ్వకం షురూ చేసిన్రు.

ఈ గుట్ట ఎట్ల పుట్టిందో తెలిస్తెనే తర్వాతి లొల్లి సమజైతది. సుమారు 80 కోట్ల ఏండ్ల కింద భూమి లోపల కరిగిన గ్రానైట్, పైనున్న పలకరాయిల జొచ్చుకొచ్చింది. గ్రానైట్ గట్టిపడుతుంటె ఆఖర్న మిగిలిన ఉడుకుడుకు నీళ్లల్ల టంగ్‌స్టన్, లిథియం, ఫ్లోరిన్ జమైనయ్. ఆ నీళ్లు పగుళ్లల్లకు ఎక్కి చల్లారినయ్. గట్లనే తెల్లటి పలుగురాయి చారలు, వాటి నడుమ నల్లటి వుల్‌ఫ్రమైట్ ముక్కలు తయారైనయ్. చారల పక్కన గ్రానైట్ గూడ మారిపోయి అభ్రకం, టోపాజ్, ఫ్లోరైట్ నిండిన రాయి అయింది. ఎండకు వానకు గుట్ట అరిగి, బరువు ముక్కలు కింద గులకమట్టిల చేరినయ్. అంటే గని రెండు తీర్ల: గుట్ట లోపల చార, గుట్ట కింద గులక.

రాయిల నుంచి దీన్ని తీసుడు మన అవ్వలు చేటల బియ్యం చెరిగినట్టే. పలుగురాయి నీళ్లకంటె రెండున్నర రెట్లు బరువు, వుల్‌ఫ్రమైట్ ఏడు రెట్లు. నలగ్గొట్టి, నీళ్లు పారే ఊగుడు బల్లల మీద పోస్తె తేలికది కొట్టుకపోతది, బరువుది నిలుస్తది. తర్వాత గట్టి అయస్కాంతం. మార్కెట్ల అమ్మే సరుకుల టంగ్‌స్టన్ ఆక్సైడ్ 65 శాతం దాక ఉండాలె. కానీ ముడిరాయిల చాలా గనుల్ల ఒక్క శాతం గూడ ఉండది. అంటే వంద బండ్ల రాయి తవ్వి దంచితె తొంబై తొమ్మిదికి పైగ పిండి అక్కడ్నే కుప్ప. గా కుప్ప ఎవరి చెల్క పక్కన పోస్తరన్నదే అసలు పంచాది.

ఆ పిండి ఎండితె పలుగురాయి దుమ్ము. అది ఊపిరితిత్తులల్ల చేరితె సిలికోసిస్. రాతిపని చేసేటోళ్లల్ల ఈ రోగం ఎంత ఎక్కువంటే, రాజస్థాన్ సర్కారు 2019ల దానికోసమే ప్రత్యేక పాలసీ తేవల్సి వచ్చింది. చారలల్ల ఫ్లోరైట్ గూడ ఉన్నది కదా, ఫ్లోరిన్ అంటే ఏందో నల్గొండోళ్లకు నేను చెప్పుడెందుకు. నాగౌర్ జిల్లా గూడ నీళ్లల్ల ఫ్లోరైడ్‌తోని తిప్పలు పడేదే. ఆ ఫ్లోరైడ్ గని నుంచే వచ్చిందని నేననను, గ్రానైట్ నేలల్ల అది సహజంగనే ఉంటది. కానీ అసొంటి నేలల రాయిని పిండి చేసి కుప్ప పోసేముందు నీళ్ల లెక్క తీయాలె.

రేవత్ గుట్ట కథ ధర కథ. రెండో యుద్ధంల మల్ల గిరాకి. స్వాతంత్ర్యం తర్వాత సర్కారు కంపెనీ నడిపింది. 1980లల్ల చైనా సరుకు చౌకగ వచ్చి ధర పడిపోయింది, 1990ల మొదట్ల గని మూతబడ్డది. తెరిసినప్పుడు ఊరోళ్లను అడగలే, మూసినప్పుడూ అడగలే. 2023 మేల ఇక్కడ లిథియం కొండ దొరికిందని టీవీలల్ల మోత మోగింది. జియొలాజికల్ సర్వే అసొంటిదేం లేదని ఖండించాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. టంగ్‌స్టన్ 2023ల కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాలల్ల ఉన్నది. అదే ఏడు చట్టం మార్చి ఇసొంటి ఖనిజాల వేలం అధికారం ఢిల్లీ తీసుకున్నది. 2025 సెప్టెంబర్‌ల పర్యావరణ శాఖ ఇంకో అడుగేసింది. కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదన్నది. 1997 నుంచి ఆ సభనే ఊరోడు మైకు పట్టి కంపెనీని నిలదీసే జాగ. దేశ రక్షణ అని చెప్తున్నరు. రక్షణ ముఖ్యమే, కాదన్నోడు లేడు. కానీ నెల రెండు నెలలల్ల అయిపొయ్యే సభను తీసేస్తె ఎన్ని టన్నులు ఎక్కువొస్తయ్? అడిగేటోడు లేకపోతె కుప్ప జాగ, నీళ్ల లెక్క కాగితం మీద్నే తేలిపోతయ్.

అడిగితె ఏమైతదో తమిళనాడుల చూసినం. 2024 నవంబర్‌ల మదురై జిల్లా నాయక్కర్‌పట్టి టంగ్‌స్టన్ బ్లాకు వేలం అయింది. అందుల అరిట్టాపట్టి జీవవైవిధ్య వారసత్వ స్థలం గూడ కలిసింది. పల్లెలు రోడ్డెక్కినయ్, డిసెంబర్‌ల అసెంబ్లీ తీర్మానం చేసింది, 2025 జనవరిల కేంద్రం వేలం రద్దు చేసింది.

అప్పుడే ఆంధ్రప్రదేశ్‌ల బాలేపాళ్యం టంగ్‌స్టన్ బ్లాకు గూడ అదే హిందుస్థాన్ జింక్ కంపెనీకి దక్కింది. దాని మీద ముచ్చట మాత్రం ఎక్కువ వినబడలే. ఇది ముందు అన్వేషణ, ఆ తర్వాత తవ్వకం ఉండే లైసెన్సు. అంటే డ్రిల్లింగ్ బండ్లు ముందొస్తయ్. ఆ దశలనే అక్కడి బావులు, బోర్ల నీళ్లు పరీక్ష చేయించి రిపోర్టు పంచాయతీల పెట్టుకుంటె, రేపు ఏదన్న తేడా వస్తె చూపెట్టనీకి చేతిల కాగితం ఉంటది.