బుద్ధుడి పక్కన ఆయన కూడా ఉండాలి

ట్యాంక్‌బండ్ మీద ఫొటో దిగని హైదరాబాదు కుటుంబం ఉంటుందా చెప్పండి? మా ఆల్బమ్‌లో మూడు తరాల వాళ్ళం ఉన్నాం. వెనక బుద్ధుడు, ముందు మనం, చేతిలో కాల్చిన మొక్కజొన్న కంకి. అయితే ఆ విగ్రహం ఎవరు చెక్కారని అడిగి చూడండి. "ఎన్టీఆర్ పెట్టించారు కదా" అంటారు. పెట్టించినాయన సరే, చెక్కినాయన ఎస్.ఎం. గణపతి స్థపతి. 2017లో పోయారు.

ఆయన జ్ఞాపకంగా మా ఆడపడుచు ఒక పెద్ద బొమ్మ వేస్తోంది. వాళ్ళ అపార్ట్‌మెంట్ కింది హాల్లో పెట్టడానికి. సగం గీసిన బుద్ధుడు, ఆ పాదాల దగ్గర ఉలి పట్టుకున్న పెద్దాయన. ఇక చూడండి, కమిటీలో పేచీ! దేవుడి పక్కన మనిషేమిటి, లైట్లలో మెరిసే బుద్ధుణ్ణి వేసి ఆయన పేరు కింద చిన్నగా రాస్తే చాలదా అని. "నువ్వేమంటావు వదినా?" అని అడిగింది.

చాలదంటాను. వట్టి పేరు రాస్తే ఆ పేరు కూడా ఆయనకి దక్కదు. కన్యాకుమారిలో 133 అడుగుల తిరువళ్ళువర్‌ని చెక్కిన శిల్పి కూడా గణపతి స్థపతే, ఆయన ఇంటిపేరు అక్షరం వేరు, మనిషి వేరు. ఇద్దర్నీ కలిపేసేవాళ్ళు ఎందరో. మొహం కనిపిస్తే ఆ తికమక ఉండదు.

పైగా ఆ పని సామాన్యమైందా? భువనగిరి దగ్గర రాయగిరి గుట్ట రాయి. ఒకే రాయి. 58 అడుగులు, సుమారు 350 టన్నులు. పులుసులో ఉప్పెక్కువైతే నీళ్ళు పోస్తాం, బెల్లం ముక్క వేస్తాం. రాతిలో ముక్కు దగ్గర ఒక పెచ్చు ఎక్కువ లేచిపోతే ఏం వేసి సరిచేస్తారు? ఆ బరువు చేతిలో పెట్టుకుని, చివరికి ఆ పెదవుల మీద అంత నెమ్మది చిరునవ్వు తెచ్చారు. వందల మంది పనివాళ్ళు కూడా చెయ్యి వేశారు.

ఇంకో పేచీ నేనే తెచ్చాను. 1990 మార్చి 10న బుద్ధుణ్ణి బల్లకట్టు మీద సాగర్ మధ్యకి తీసుకెళుతుంటే అది ఒరిగిపోయింది. విగ్రహం మునిగింది, మనుషులూ పోయారు. నేనప్పుడు బళ్ళో చదువుతున్నాను, ఇంట్లో పెద్దవాళ్ళు చాలా రోజులు అదే మాట. 1992 డిసెంబరు 1న గాని బుద్ధుడు నిలబడలేదు. తన చేత్తో దిద్దిన మొహం రెండున్నరేళ్ళు నీళ్ళ అడుగున ఉంటే ఆ శిల్పికి ముద్ద ఎలా దిగి ఉంటుందో, పిల్లల్ని దూరంగా పంపిన తల్లులకి కొంచెం ఊహకందుతుంది.

అందుకని బొమ్మలో ఒక మూల ఆ నీళ్ళు, ఆ బల్లకట్టు, దాని మీది మనుషులూ ఉండాలన్నాను. మా ఆడపడుచు భర్త "శుభమా అని వేస్తుంటే చావులెందుకండీ" అన్నారు. మరి సంవత్సరీకం నాడు పోయినవాళ్ళని తలుచుకుని విస్తరి వెయ్యడం లేదూ? అది అశుభమని ఎవరంటారు? ఆ రోజు పనికి వెళ్ళి ఇంటికి రాని మనిషి భార్య ఈ ఊళ్ళోనే ఎక్కడో బుద్ధుడి ముందు నుంచి బస్సులో వెళుతూ ఉండొచ్చు. ఆవిడ ఫొటో దిగుతుందంటారా?

ఒక్కచోట మాత్రం కమిటీతో ఏకీభవించాను. మా ఆడపడుచు భక్తి ఎక్కువై స్థపతిగారి తల వెనక కూడా వెలుగు చక్రం వేసింది. అది చెరిపించాను. నుదుటి మీద చెమట వెయ్యి, గోళ్ళలో రాతిపొడి వెయ్యి అన్నాను.

చక్రం పోయింది, చెమట వచ్చింది. ఇప్పుడు నీళ్ళ రంగు దగ్గర ఆగింది. సాగర్ నీళ్ళు ఉన్నదున్నట్టు వేస్తే హాల్లో పెట్టనివ్వరని దాని బెంగ.