రాతి బొమ్మలకీ పొగ తగులుతాది

పోర్టు దిక్కు పొగగొట్టాలు చూస్తా పెరిగిన మనకి పొగ అంటే దగ్గు, ఆరేసిన బట్టల మీద బూడిద. ఆస్ట్రేలియా ఆదివాసులు ఇంకో నష్టం కూడా లెక్కలోకి తెచ్చారు. వాళ్ల పూర్వీకులు చెక్కిన రాతి బొమ్మల్ని పొగ తినేస్తోందని.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని మురుజుగలో అలాంటి బొమ్మలు పది లక్షలకు పైనే ఉంటాయని అంచనా. బండ మీద ముదురు రంగు పలచటి పొర ఉంటుంది. దాన్ని చెక్కితే కింద లేత రంగు తేలుతుంది, అదే బొమ్మ. పక్కనే గ్యాస్, ఎరువుల ఫ్యాక్టరీలు. వాటి నైట్రోజన్, సల్ఫర్ వాయువులు తేమతో కలిసి యాసిడ్ అవుతాయి. పొర పోతే బొమ్మ పోయినట్టే. ఫ్యాక్టరీలకు దగ్గరున్న కొన్ని బండలు గుల్లబారాయని 2025 మేలో నివేదిక వచ్చింది. అది 1970, 80ల నాటి పాత పవర్ ప్లాంటు పని అయ్యుంటుందని అక్కడి ప్రభుత్వం సర్దిచెప్పింది. కొందరు శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది, సెప్టెంబర్‌లో గ్యాస్ ప్లాంటుకి 2070 దాకా అనుమతి దొరికింది! అయినా ఒక్కటి మాకు నచ్చింది. బండల్ని పరీక్షించే పనిలో ఆదివాసుల సొంత సంస్థ భాగస్వామి, వాళ్ల రేంజర్లు శిక్షణ తీసుకుని నమూనాలు సేకరిస్తున్నారు.

మన రాష్ట్రంలో? కడప జిల్లా ముద్దనూరు మండలం చింతకుంటలో ఆదిమానవులు ఎరుపు, తెలుపు రంగుల్లో వేసిన బొమ్మలున్నాయి. అదే ప్రాంతంలో రాయలసీమ థర్మల్ ప్లాంటు 1994 నుంచి బొగ్గు కాలుస్తోంది. (తొలి తెలుగు శాసనం దొరికిన కలమళ్ల కూడా ప్లాంటు పక్క ఊరే.)

థర్మల్ ప్లాంట్లన్నీ సల్ఫర్ వాయువు తగ్గించాలని 2015లో కేంద్రం రూలు పెట్టింది. 2025 జులైలో దాన్ని సడలించింది. పది లక్షల జనాభా దాటిన నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉంటే సల్ఫర్ తీసే యంత్రం తప్పనిసరి, మిగతా చాలావాటికి మినహాయింపు. అంటే దూరం కొలిచింది నగరం నుంచి. చింతకుంట బొమ్మల నుంచి కాదు, మన యానాది కాలనీల నుంచీ కాదు.

'ముందు మనుషుల ఊపిరి చూడండి, బొమ్మలు తర్వాత' అని మనవాళ్లే కొందరు అంటారు. కానీ రెండిటికీ తగిలేది ఒకటే గాలి. దాన్ని కొలిచే మీటరు మన కాలనీలో ఉండాలి, రీడింగు రాసుకునేది మన పిల్లలు కావాలి. ఈసారి ప్రజాభిప్రాయ సేకరణ పెడితే ఈ రెండూ కాగితం మీద రాసి ఇద్దాం, ఇచ్చినట్టు రసీదు తీసుకుందాం.