కర్ణభేరికి కులం లేదు

మొన్న ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెప్పాల్సి వచ్చింది. ధ్వని అంటే కంపనం అని బోర్డు మీద రాసి ఊరుకోకుండా, ఆ కంపనాన్ని పిల్లల చేతికి తాకించి చూపిద్దామనుకున్నాం. బళ్ళో శృతిదండం ఒక్కటే ఉంది, అదీ తుప్పు పట్టింది. "ఎవరింట్లోనైనా డప్పు ఉంటే రేపు తీసుకు రండిరా" అన్నాం. క్లాసు క్లాసంతా ఒకే పిల్లవాడి వైపు తిరిగి చూసింది. వాడు తల వంచుకుని "మా ఇంట్లో లేదు సార్" అన్నాడు. ఉంది. ఆ సంగతి వాడికి తెలుసు, మాకు తెలుసు, క్లాసులో అందరికీ తెలుసు.

మర్నాడు మా అయ్య డప్పే చంకన పెట్టుకుని బడికి పోయాం. స్టాఫ్ రూములో తోటి ఉపాధ్యాయుడొకాయన, చెడ్డవాడేం కాదు, "ఇదేంటి మాస్టారూ, చావుకి కొట్టేది బళ్ళోకి తెచ్చారు?" అని నవ్వాడు. వార్షికోత్సవానికి మృదంగం వాయించేవాళ్ళను పిలిపించింది ఆయనే. ఆ రోజు ఆయనకి నవ్వు రాలేదు. మృదంగానికి ఉన్నదీ తోలే గదా!

పిల్లవాడు అబద్ధం ఎందుకాడాడు? మాస్టారు ఎందుకు నవ్వాడు? జవాబు చెవిలో ఉందా, మెదడులో ఉందా, ఊళ్ళో ఉందా? అదేదో తేల్చుకుందామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు చెవి సంగతి. డప్పు మీద సిర్ర పడగానే తోలు కంపిస్తుంది. తోలు గాలిని కుదుపుతుంది. ఆ కుదుపు చెవి రంధ్రంలోంచి పోయి లోపలున్న పలచటి పొరను తాకుతుంది. దాని పేరు కర్ణభేరి. భేరి అంటే ఏమిటి? డప్పు జాతిదే. దాని వెనక మూడు బుల్లి ఎముకలున్నాయి. ఒకటి సుత్తి ఆకారం, ఒకటి దాగలి ఆకారం, మూడోది గుర్రపు రౌతు కాలు పెట్టుకునే అంకవన్నె ఆకారం. ఈ మూడోది మనిషి ఒంట్లోకెల్లా చిన్న ఎముక, 3 మిల్లీమీటర్లు ఉంటుంది. చూడండి, ప్రతి మనిషి చెవిలోనూ ఒక తోలు, ఒక సుత్తి, ఒక దాగలి పనిచేస్తున్నాయి. ఏ పండితుడి చెవి కోసి చూసినా వీణ కనపడదు. కనపడేవన్నీ మాదిగ, కమ్మరి పనిముట్లే.

ఈ ఎముకల కదలిక లోపల నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టంలోని ద్రవాన్ని కదిలిస్తుంది. అక్కడ ఒక్కో చెవిలో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. ద్రవం కదిలితే వాటి నూగు వంగుతుంది. వంగితే సన్నటి విద్యుత్ సంకేతం పుట్టి నరం గుండా మెదడుకు పోతుంది. గాలిలో పుట్టింది తోలు మీదకు, తోలు మీద నుంచి ఎముకకు, ఎముక నుంచి నీటికి, నీటి నుంచి కరెంటుకు మారింది. ఇంత దారిలో ఎక్కడా "నువ్వెవరి డప్పువి?" అని అడిగే కాపలావాడు లేడు. చెవి అంటరానితనం పాటించదు.

మరి మెదడు? పుట్టుకతోనే మెదడుకు దరువు తెలుసు. 2009లో హంగేరీలో పుట్టి రెండు మూడు రోజులైన పసికందులకు దరువు వినిపించి మెదడు సంకేతాలు చూశారు. దరువులో ముఖ్యమైన దెబ్బ తప్పించినప్పుడు నిద్రపోతున్న పసివాడి మెదడు కూడా "ఏదో తప్పింది" అని పసిగట్టింది. 2007లో అచ్చయిన ఇంకో పరిశోధనలో, మనిషి కదలకుండా పడుకుని దరువు వింటున్నా, కాళ్ళూ చేతులూ ఆడించడానికి పనికొచ్చే మెదడు భాగాలు మేలుకున్నాయని తేలింది. డప్పు మోగితే కాలు దానంతటది ఎందుకు లేస్తుందో ఇప్పుడు తెలిసిందా? ఊరేగింపులో గుమ్మం వెనక నిలబడి చూసే దొరసాని కాలూ లేస్తుంది. లేచిన కాలును అదిమి పట్టుకోవటమే ఆమెకు నేర్పిన పెంపకం.

దరువు పుట్టుకతో వస్తే, ఏది మంచి ధ్వని, ఏది మొరటు ధ్వని అన్నది ఎక్కడ నుంచి వస్తుంది? 2016లో దీని మీద ఒక మంచి పరిశోధన వచ్చింది. బొలీవియా దేశంలో అమెజాన్ అడవుల్లో బతికే త్సిమానే ప్రజలకు రకరకాల స్వరాల జోడింపులు వినిపించారు. కొన్ని జంటలు శ్రావ్యం, కొన్ని కర్ణకఠోరం అని పాశ్చాత్య సంగీతం ఎన్నో వందల ఏళ్ళుగా చెబుతూ వచ్చింది. అది ప్రకృతి నియమం అనుకున్నారు. త్సిమానేలు మాత్రం రెండూ ఒకేలా బాగున్నాయన్నారు. అంటే ఆ శ్రావ్యం ప్రకృతి రాసిన చట్టం కాదు, అలవాటు రాసింది. కర్ణాటక సంగీతం వింటూ పెరిగినవాడికి అది దేవలోకం. డప్పు వింటూ పెరిగినవాడికి ఇది ప్రాణం. ఇందులో ఎక్కువ తక్కువలు చెవి పెట్టినవి కావు.

మృదంగం సంగతే చూడండి. దాని తోలు మీది నల్లటి పూత వల్లే అది శ్రుతి పలుకుతుందని, మామూలు డప్పుకు లేని స్వరక్రమం ఆ పూత వల్ల వస్తుందని సి.వి.రామన్ 1920లోనే లెక్కగట్టి చెప్పాడు. గొప్ప పనే. అయితే లెక్క తెలియక ముందే ఆ పూత ఎంత మందాన పడాలో, తోలు ఎంత బిగువున లాగాలో తెలిసిన చేతులు ఎవరివి? తమిళనాట మృదంగాలు చేసేవాళ్ళలో ఎక్కువమంది దళిత క్రైస్తవులని, ఆ వాద్యానికి ఆవు, మేక, గేదె తోళ్ళు కావాలని టి.ఎం.కృష్ణ 2020లో పుస్తకమే రాశాడు. ఆవు తోలు మాట బయటికి రాగానే చెన్నై కళాక్షేత్ర తన ఆవరణలో ఆ పుస్తకం ఆవిష్కరణకు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. తోలు కావాలి, తోలు సంగతి మాత్రం ఎత్తగూడదు!

మన డప్పు కూడా లెక్క తెలిసిందే. మంట దగ్గర కాస్తే తోలులో తేమ పోతుంది, తోలు బిగుస్తుంది, కంపనం వేగం పెరుగుతుంది, మోత పదునెక్కుతుంది. మా అయ్య ఏ బడికీ పోలేదు. గడ్డి మంట మీద డప్పు తిప్పుతూ వేలితో టంగుమనిపించి "ఇంకొంచెం కాగాల" అనేవాడు. మేము బి.ఎస్సీ.లో చదివిన భౌతికశాస్త్రం ఆయన వేలి కొసన ఉండేది.

చెవికి ఎంత శక్తి ఉందో ధర్మశాస్త్రాలు రాసినవాళ్ళకు మన కంటే ముందే తెలుసు. శూద్రుడు వేదం వింటే తగరమో లక్కో కరిగించి చెవుల్లో పోయాలని గౌతమ ధర్మసూత్రం చెబుతుంది. శూద్రుడికే ఈ శిక్ష అయితే వర్ణాల అవతల ఉంచిన మన సంగతి చెప్పాలా? చెవి మెదడుకు వాకిలి. చదువు అప్పుడు చెవి దారినే పోయేది గనక ఆ వాకిలే మూశారు. మన చెవులకు వాళ్ళ ధ్వని రాకుండా చూశారు, మన ధ్వనికి చావు వాసన అంటగట్టారు.

ఈ అంటగట్టటం మెదడులో ఎట్లా జరుగుతుందో మా సొంత అనుభవం చెబుతాం. మా చిన్నప్పుడు అర్ధరాత్రి పల్లెలోకి ఊరి మనిషి వచ్చి "ఒరే" అని కేకేస్తే అయ్య లేచి డప్పు తీసుకునేవాడు. జ్వరమొచ్చినా సరే పోవాల్సిందే. పోకపోతే ఏమవుతుందో అమ్మ ముఖంలో కనపడేది. కాలేజీ హాస్టల్లో ఉండగా దూరంగా ఎక్కడో డప్పు మోగితే మాకు కడుపులో తిప్పేది. చుట్టూ కుర్రాళ్ళు ఈలలేసి గంతులేస్తుంటే మేము గదిలో కూచునేవాళ్ళం. ధ్వని ఒక్కటే, వాళ్ళ మెదడుకు అది పెళ్ళి, మా మెదడుకు అది వెట్టి. ఒక ధ్వనితో పాటు భయమో అవమానమో పదేపదే జరిగితే, తర్వాత ధ్వని ఒక్కటి వినపడినా ఒళ్ళు ఆ భయాన్ని తిరిగి పడుతుంది. గుండె కొట్టుకుంటుంది, చెమట పడుతుంది. బళ్ళో తల వంచుకున్న పిల్లవాడికి జరిగింది ఇదే. వాడు సిగ్గుపడింది డప్పు ధ్వనికి కాదు, దాని వెనక వినపడే "ఒరే"కి.

నేర్పిన సిగ్గును మాన్పించవచ్చా? మాన్పించవచ్చు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. అప్పటికి మేము హైస్కూల్లో ఉన్నాం. ఊరి చాటింపుకు కొట్టే దండోరానే ఉద్యమం పేరుగా పెట్టుకున్నారు. డప్పు భుజానేసుకుని మనవాళ్ళు రోడ్డెక్కారు. ఎవడూ పిలవలేదు, ఎవడి చావూ కాదు. అదే తోలు, అదే సిర్ర, అదే చిటికెన పుల్ల. ఆ మోతకు మా వెన్ను నిటారయింది. ధ్వని మారలేదు, ఎవరి ఆజ్ఞ మీద మోగుతున్నదన్నది మారింది. మెదడు ఆ తేడాను పట్టుకుంది.

ఇక్కడ మనలో మనకున్న ఒక పాత వాదన ఎత్తాలి. "డప్పు బానిస చిహ్నం, కాల్చిపారేయండి" అనే సోదరులున్నారు. వాళ్ళ కోపం న్యాయమైంది. చచ్చిన పశువు మాంసం, అడుక్కునే ముద్ద వదిలెయ్యమని 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెప్పిన దారి అది. "డప్పు మన సంస్కృతి, వదలొద్దు" అనే సోదరులూ ఉన్నారు. మేము అనేది ఏమిటంటే, రెండు సంగతులను విడదీయాలి. వెట్టి వదలాలి. విద్య వదలగూడదు. పిలుపుకు పోవటం మానుకునే హక్కు లేనివాడి చేతిలో డప్పు సంకెల. ఆ హక్కు ఉన్నవాడి చేతిలో అది వాద్యం.

సంస్కృతి అని మురిసిపోయేవాళ్ళు ఇంకో సంగతీ ఆలోచించాలి. 2010లో ఇంగ్లండులో పడవ పోటీల కుర్రాళ్ళ మీద ఒక పరిశోధన జరిగింది. ఒంటరిగా తెడ్డు వేసినప్పటి కంటే అందరూ ఒకే లయలో వేసినప్పుడు నొప్పి ఓర్చుకునే శక్తి పెరిగింది. నొప్పిని అణిచే రసాయనాలు ఒంట్లో ఊరటమే కారణం కావచ్చన్నారు. మన అమ్మలకు ఇది తెలియదా? నడుం వంచి పొద్దుగూకేదాకా నాట్లేస్తూ ఒక గొంతు ఎత్తుకుంటే పదిమంది అందుకునేది అందుకే. ఆరో నెల దాటాక కడుపులో బిడ్డకు వినికిడి మొదలవుతుంది. పుట్టిన మూడు రోజులకే బిడ్డ తల్లి గొంతును ఇతర గొంతుల నుంచి వేరుగా గుర్తుపడుతుందని 1980లోనే రుజువైంది. నిండు నెలలతో నాట్లేసిన మన తల్లుల పాటను మనం పుట్టకముందే విన్నాం. అది మన మొదటి బడి. కానీ అడుగుదాం: పాట నొప్పిని తగ్గించింది, మిగిలిన బలంతో ఇంకో మడి నాటింది. ఆ మడి ఎవరిది? పాట మనది, పంట వాళ్ళది. జానపదం అని చప్పట్లు కొట్టే వేదికల మీద ఈ లెక్క ఎవరూ చెప్పరు.

ఇక అసలు బాధ. మా అయ్యకు ఇప్పుడు వినపడదు. డప్పు మోగితే తెలుస్తుంది గానీ మనవరాలి మాట తెలీదు. "ఏందమ్మా, గట్టిగా చెప్పు" అంటాడు. ఆ పిల్ల అరిచి అరిచి విసుగెత్తి మానేసింది. ఆసుపత్రికి తీసుకుపోతే "వయసు" అని రెండు ముక్కలు రాసి పంపారు. ఏం పని చేశావని ఒక్క మాట అడగలేదు. పెద్ద మోత వల్ల పాడయ్యేవి ఆ రోమకణాలే. కోడికి అవి మళ్ళీ మొలుస్తాయి, మనిషికి మొలవవు. ముందు సన్నటి ధ్వనులు పోతాయి. అంటే పసిపిల్లల గొంతు, స, త, క లాంటి అక్షరాలు. పని స్థలంలో 85 డెసిబెల్స్ మోత 8 గంటలు మించగూడదని, 3 డెసిబెల్స్ పెరిగిన కొద్దీ ఆ సమయం సగానికి తగ్గాలని నిపుణులు హద్దు పెట్టారు. ఆ లెక్కన 88కి 4 గంటలు, 100కి 15 నిమిషాలు. చెయ్యంత దూరంలో రాత్రంతా మోగే డప్పుకు ఈ హద్దు ఎవరు చెప్పారు? ఊరికి పండగ, మనకు చెవుడు. ఇది కూడా వెట్టే.

ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 4000 రూపాయలయింది. మంచిదే, అడిగి సాధించుకున్నదే. పింఛను పొట్టకు, మరి చెవికి? కనక మేము అడిగేవి ఇవి. డప్పు కళాకారుడిగా గుర్తించిన ప్రతి మనిషికీ ఏడాదికొకసారి వినికిడి పరీక్ష చెయ్యాలి. వినికిడి పోయినవాళ్ళకు యంత్రం ఉచితంగా ఇవ్వాలి. ఏ ఊళ్ళోనైనా సరే డప్పుకు పిలిస్తే ముందు రేటు మాట్లాడాలి, "రాను" అంటే వినాలి. బళ్ళో ధ్వని పాఠానికి డప్పు పెట్టాలి, మృదంగం పక్కనే పెట్టాలి. ఇక మన పిల్లలకు మనం చెప్పాల్సింది ఒకటుంది. డప్పు కొట్టేటప్పుడు చెవుల్లో దూది చాలదు, మందుల షాపులో దొరికే చెవి బిరడాలు పెట్టుకోండిరా. చెవులు పోగొట్టుకోవటం పౌరుషం కాదు.

ఆ రోజు క్లాసులో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాం. డప్పు మీద నాలుగు బియ్యపు గింజలు పోసి కింద నుంచి కొట్టాం, గింజలు ఎగిరాయి. పిల్లలంతా ఎగబడ్డారు. మేము కొట్టేది చూసి చూసి, తల వంచుకున్న ఆ పిల్లవాడు ఉండబట్టలేక లేచాడు. "అట్టా కాదు సార్, పుల్ల అట్టా పట్టుకోగూడదు" అన్నాడు. వాడి చేతికిచ్చాం. వాడు వాయించాడు. పక్క క్లాసు పిల్లలు కిటికీల్లో నిండిపోయారు. స్టాఫ్ రూములోంచి నవ్విన మాస్టారూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన ఏమనుకున్నాడో మాకు తెలీదు. బూటు మాత్రం దరువేస్తోంది.

చెవులకు నేర్పింది చాలు. ఇక ఊరికి నేర్పాలి.

జై భీమ్!