చెరువు తవ్వడం ఈజీనే తమ్ముడూ!

సంక్రాంతికి మా ఊరెళ్తే అందరూ కోడిపందేల దగ్గరున్నారు. మా బాబాయి కొడుకు మాత్రం రొయ్యల చెరువు గట్టు మీద, టార్పాలిన్ కప్పిన ఓ పెద్ద శాల్తీ పక్కన నిలబడి నాకోసం ఎదురుచూస్తున్నాడు.

"అక్కా, కళ్ళు మూసుకో."

తెరిచేసరికి ఎదురుగా జెట్ స్కీ! సెకండ్ హ్యాండ్‌ది. గోవాలో ఎవరో అమ్ముతుంటే కొని, లారీలో వేయించుకొచ్చాడట. "మనకి చెరువుంది, నీళ్ళున్నాయి. బీచ్‌కెళ్ళి పది నిమిషాలకి డబ్బులు తగలెయ్యడమెందుకు? రోజూ మనమే తోలుకోవచ్చు" అన్నాడు. వినడానికి ఎంత బాగుందో కదా!

మాది పశ్చిమ గోదావరి. ఆ రెండెకరాల చెరువులో వరసగా రెండు పంటలు తెల్లమచ్చ వైరస్‌కి పోయాయి. అప్పటినుంచీ ఖాళీ. బాబాయి "ఏదో ఒకటి ఏడవండి" అని ఊరుకున్నాడు. మామ్మ ఊరుకోలేదు. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పటినుంచీ ఆవిడకి నీళ్ళంటే హడలు. కర్ర పట్టుకుని గట్టు దాకా వచ్చి ఒక్కటే అడిగింది: "ఒరేయ్, ఆ బండి మీంచి నీళ్ళలో పడితే నిన్ను తీసేదెవరు?"

మావాడు నవ్వేశాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు సంగతి చివర్లో చెప్తా.

మొదటిరోజే సినిమా కనిపించింది. ఐదు నిమిషాలు తిరిగి, చెరువు మధ్యలో బండి గుర్రుమని ఆగిపోయింది. తాడేసి లాక్కొచ్చి చూస్తే, కింద జాలీలో నాచు, నత్తగుల్లలు, బురద. జెట్ స్కీకి బయట ఫ్యాన్ ఉండదు. అడుగు నుంచి నీళ్ళు పీల్చి, వెనక గొట్టంలోంచి గట్టిగా చిమ్ముతుంది. ఆ తోపుతోనే ముందుకెళ్తుంది. అంటే అదో వ్యాక్యూమ్ క్లీనరే అనుకోండి. లోతు చాలకపోతే బురదంతా దాని కడుపులోకే. చాలా బళ్ళలో ఇంజన్ని చల్లబరిచేదీ ఆ నీళ్ళే. బురద వెళ్ళి దారి మూసుకుపోతే ఇంజన్ కాలిపోవడం ఖాయం.

మా చెరువు లోతు 4 అడుగులు. బండి అడుగు నుంచి నేల దాకా కనీసం 3 అడుగుల నీళ్ళుండాలంటారు. మనిషి ఎక్కితే బండి ఇంకాస్త దిగుతుంది. ఎండాకాలంలో మట్టం తగ్గుతుంది. ఇవన్నీ లెక్కేసి 6 అడుగులు చెయ్యాలన్నాడు మెకానిక్. దిగింది పొక్లెయిన్!

తర్వాత పొడవు లెక్క. చెరువు పొడవు సుమారు 150 మీటర్లు. గంటకి 60 కిలోమీటర్ల స్పీడుతో వెళ్తే, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి 9 సెకన్లు! రీల్ మొదలయ్యేలోపే గట్టొచ్చేస్తుంది. అందుకే సొంత చెరువులు తవ్వుకునే వాళ్ళు కొందరు మధ్యలో దీవి వదిలేసి, చుట్టూ రింగు రోడ్డులా తిరుగుతారు. మావాడూ తవ్విన మట్టితో దీవి పోయించాడు. దానివల్ల ఇంకో లాభం, అలలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కొట్టుకుంటూ పెరగకుండా మధ్యలోనే విరుగుతాయి.

కానీ అలల సంగతి అంతటితో అయిపోలేదు. మా గట్లు రొయ్యల కోసం నిలువుగా కట్టినవి. నెలరోజులు తోలేసరికి, పక్కరైతు వైపు గట్టు అడుగున కోసుకుపోయింది. ఉప్పునీళ్ళు ఆయన వరిచేలోకి ఊరాయి. మూడు తరాలుగా మాట తేడా రాని ఇళ్ళు. ఆయన మా వాకిట్లో నిలబడి, "మీ సరదా నా చేలోకొచ్చిందయ్యా" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. బాబాయి తల దించుకున్నాడు. ఆయన పంట నష్టం కట్టి, గట్టుని లోపలివైపు వాలుగా దిద్ది, రాళ్ళు పరిపించేసరికి, తవ్వకం ఖర్చుకి సమానంగా తేలింది.

ఇక నీళ్ళు. రెండెకరాల్లో 6 అడుగులంటే దాదాపు 1 కోటి 48 లక్షల లీటర్లు. దీవి పోనూ కోటి దాటుతుంది. ఎండకి రోజుకి 5 మిల్లీమీటర్లు ఆవిరైనా 40 వేల లీటర్లు పోయినట్టే. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది, రోజూ! ఇంకుడు వేరే. బోరు వేద్దామంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది, పర్మిషన్ కావాలి. పంటకాలువ నీళ్ళా? అవి చేలకి. మా సరదాకి కాదు. చివరికి వర్షాకాలంలో నిండినన్నాళ్ళే తోలడం, మట్టం గుర్తు దిగగానే బంద్ అని తేల్చుకున్నారు.

అలా తేల్చుకునే ముందే జరిగిందది. మే నెల, సాయంత్రం. వీడు గట్టు వైపు స్పీడుగా వచ్చి, దగ్గరకి రాగానే భయపడి గ్యాస్ వదిలేసి హ్యాండిల్ తిప్పాడు. మనం బైకు మీద చేసేదదే కదా! కానీ జెట్ స్కీకి గొట్టంలోంచి నీళ్ళు చిమ్మితేనే మలుపు. గ్యాస్ వదిలితే హ్యాండిల్ ఎంత తిప్పినా, అది వెళ్ళేవైపే వెళ్తుంది. తిన్నగా గట్టుకి గుద్దింది. వీడు ఎగిరి రాళ్ళమీద భుజం కొట్టుకుని, జారి నీళ్ళలో పడ్డాడు. లైఫ్ జాకెట్ కుర్చీకి తగిలించి ఉంది. పడగానే ఇంజన్ ఆపేసే తాడు చేతికి కట్టుకోలేదు. అన్నిటికన్నా ముఖ్యం, మావాడికి ఈత రాదు. చెరువు కొడుకు, ఈత రాదు!

నేను గట్టు మీదే ఉన్నాను, ఫోన్‌లో వీడియో తీస్తూ. నాకూ ఈత రాదు. అరవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. దూకింది మా కాపలా తాత. అరవై దాటినాయన. పంచె బిగించి దూకి, జుట్టు పట్టి లాక్కొచ్చాడు. కాలర్ బోన్ విరిగింది. ప్రాణం దక్కింది. మామ్మ ప్రశ్నకి జవాబు దొరికింది గానీ, ఆ జవాబు చూసి మాకు సిగ్గేసింది. ఆ వీడియో ఇంకా నా ఫోన్‌లో ఉంది. ఎవరికీ పంపలేదు.

బాబాయి బండి అమ్మెయ్యమన్నాడు. మామ్మే వద్దంది. "అమ్మితే ఇంకోడు పడతాడు. ముందు వీడికి ఈత నేర్పండి" అంది.

ఇప్పుడు మా చెరువు రూల్స్ చెప్తా, మీలో ఎవరికైనా ఇలాంటి ఐడియా ఉంటే పనికొస్తాయి. ఒకసారి ఒక్కటే బండి, ఒకే దిక్కుకి. జాకెట్, తాడు లేకుండా తాళం ఇవ్వరు. తాళం మామ్మ కొంగున ఉంటుంది! చున్నీ, లుంగీ, విరబోసిన జుట్టు వద్దు, కింద జాలీ లాగేస్తుంది. దిగాక ప్రతిసారీ మంచినీళ్ళతో ఇంజన్ కడగాలి. మాదానికి ముందు ఇంజన్ ఆన్ చేశాకే పైపు తిప్పాలి, ఆపేటప్పుడు ముందు పైపు కట్టేయాలి. తిరగేస్తే నీళ్ళు ఇంజన్లోకి పోతాయి. చుట్టూ కంచె, నాలుగు మూలలా తాడు కట్టిన ట్యూబులు. పిల్లలు దొంగతనంగా దిగుతారు కాబట్టి, అసలు ఖర్చు ఇక్కడ పెట్టాలి.

మొన్న దసరాకి వెళ్ళాను. బండి టార్పాలిన్ కిందే ఉంది. వాలు గట్టు వైపు నడుంలోతు నీళ్ళలో ఊరి పిల్లలు పదిమంది, నడుముకి ఎండు సొరకాయలు కట్టుకుని కాళ్ళు కొడుతున్నారు. కాపలా తాత మాస్టారు. వాళ్ళ మధ్యలో అందరికన్నా పొడుగ్గా, మీసాలతో, మావాడు.

"దిగక్కా, సిగ్గెందుకు?" అన్నాడు.

ఫోన్ గట్టు మీద పెట్టి దిగాను.