వాపూ, బలుపూ, కొవ్వు శాతమూ

వాపును చూసి బలుపనుకోవద్దని మన పెద్దలు అన్న మాట అందరికీ తెలిసినదే. లోకవ్యవహారంలో ఈ సామెతను డాబుసరి మనుషుల మీద ప్రయోగిస్తాం గాని, దాని వాచ్యార్థం మాత్రం శుద్ధంగా శరీరానికి సంబంధించినది. ఒళ్ళు పెరిగినంత మాత్రాన బలం పెరిగినట్లు కాదు, పెరిగినదేమిటో చూడాలి. ఈనాడు వ్యాయామశాలలలోనూ, ఉదయపు నడక ముగించి పార్కు బెంచీల మీద చేరే నావంటి విశ్రాంత ఉద్యోగుల నోళ్ళలోనూ నలుగుతున్న ‘కొవ్వు శాతం’ ఆ సామెతను అంకెలలో పెట్టే ప్రయత్నమే. ఆ ప్రయత్నం మంచిదని నా అభిప్రాయం. అయితే ఇంట్లో కొనిపెట్టుకొన్న యంత్రం దశాంశస్థానంతో సహా చెప్పిన అంకెను వేదవాక్కుగా తీసుకొని తిండి మానుకోవడం, అందునా అరవై దాటినవారు మానుకోవడం, మంచిది కాదని కూడా నా అభిప్రాయం.

ఈ ఆలోచన పడమటి నుంచి దిగుమతి అయినదని అనుకోనక్కరలేదు. ఆయుర్వేదం చెప్పిన సప్తధాతువులలో మాంసం మూడవది, మేదస్సు నాలుగవది. రెండూ వేర్వేరు. చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో అతిస్థూలుని ప్రస్తావన వస్తుంది. అతనిలో మేదస్సు ఒక్కటే వృద్ధి పొందుతుందనీ, తక్కిన ధాతువులకు ఆ పోషణ అందదనీ అక్కడి భావం. అంటే ఆ వైద్యుని దృష్టి మొత్తం బరువు మీద కాదు, అందులో దేని పాలు ఎంత అన్న దాని మీద.

మనం మాత్రం చాలాకాలం మొత్తాన్నే తూచుకొన్నాం. రైల్వేస్టేషన్లలో నాణెం వేస్తే బరువుతో పాటు జాతకాన్ని కూడా అచ్చువేసి ఇచ్చిన యంత్రాలు గుర్తుండే ఉంటాయి. (ఆ రెండింటిలో జాతకమే ఎక్కువ ఆసక్తిగా చదివేవాళ్ళం.) ఆ తరువాత వైద్యుల గదులలోకి బి.ఎం.ఐ. వచ్చింది. కిలోలలో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించడమే ఆ సూత్రం. బెల్జియం దేశపు గణితవేత్త కెట్లే 1830ల ప్రాంతంలో జనసమూహాల సగటును తెలుసుకొనడానికి వాడిన లెక్క అది. 1972లో ఆన్సెల్ కీస్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. జనసమూహానికి పనికివచ్చినంతగా అది ఒక్కొక్క మనిషికి పనికిరాదు. మూటలు మోసే కూలీ కండా, గల్లాపెట్టె ముందు కూర్చొనే షావుకారు కొవ్వూ దానికి ఒక్కటే.

ఇది మనవారికి మరీ ముఖ్యమైన విషయం. 2004లో లాన్సెట్ వైద్యపత్రికలో ఇద్దరు వైద్యులు తమ ఫొటోను తామే ప్రచురించుకొన్నారు. ఒకరు పూనాకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండవవారు లండనుకు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బి.ఎం.ఐ. సరిగ్గా 22.3. చూడబోతే ఇద్దరూ సన్ననివారే. కాని కొలిపిస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం! సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు దాచుకొన్న భారతీయ దేహానికి ఆ ఫొటో ఉదాహరణగా నిలిచిపోయింది. చక్కెరవ్యాధి వచ్చినప్పుడు ‘నేనేమీ లావు కాదే!’ అని మన వాళ్ళు ఆశ్చర్యపోవడం వెనుక ఉన్న కారణాలలో ఇదొకటి. కాబట్టి బరువుతో ఊరుకోక కొవ్వు ఎంతో తెలుసుకొనాలనే వారితో నాకు పేచీ లేదు.

పేచీ అంతా కొలిచే తీరుతోనే. ఇళ్ళలో వాడే యంత్రం కొవ్వును చూడనే చూడదు. పాదాల గుండా అతి స్వల్పమైన విద్యుత్తును పంపి, దానికి ఎదురైన నిరోధాన్ని కొలుస్తుంది. నీరున్న కండలో విద్యుత్తు సులభంగా పారుతుంది, కొవ్వులో పారదు. ఆ నిరోధాన్ని బట్టి ఒంట్లో నీరెంతో, నీటిని బట్టి కొవ్వు కానిదెంతో అంచనా కట్టి, మిగిలినది కొవ్వని తీర్మానిస్తుంది. కొవ్వు కాని భాగంలో సుమారు 73 శాతం నీరుంటుందనే ఊహ ఆ లెక్కకు పునాది. ఎండలో నడిచి చెమటోడ్చి వచ్చిన మనిషిలోనూ, కాళ్ళకు నీరు పట్టిన మనిషిలోనూ ఆ ఊహ నిలవదు. పైగా పాదాల మీదుగా వెళ్ళే విద్యుత్తు ప్రధానంగా కాళ్ళలోనే తిరుగుతుంది. అసలు దోషి ఉండే పొట్ట సంగతి చాలామటుకు ఊహే.

ఇంకొక తమాషా. యంత్రం ఎక్కేముందు అది మన వయస్సు, ఎత్తు, స్త్రీయో పురుషుడో అడుగుతుంది. చాలా యంత్రాలలో 66 ఏళ్ళని ఒకసారి, 36 ఏళ్ళని ఒకసారి చెప్పి ఎక్కి చూడండి, శాతం మారిపోతుంది! జవాబుపత్రం తెరవకముందే తరగతిని బట్టి సగం మార్కులు వేసేసే పరీక్షకుని నేను సర్వీసులో చూశాను. ఇదీ ఆ కోవలోనిదే. చర్మాన్ని మడిచి పట్టకారుతో కొలిచే పద్ధతి ఇంతకన్న నిజాయితీగలదే గాని, అది చర్మం క్రింది కొవ్వునే చూడగలదు. పేగుల చుట్టూ పేరుకొన్నది దానికి అందదు. ఉన్నవాటిలో నమ్మదగినది డెక్సా పరీక్ష. ఎముకల సాంద్రత చూసే ఆ ఎక్స్‌రే యంత్రంతోనే ఒళ్ళంతా కొలవవచ్చు. అది ఏడాదికొకసారి మాట, రోజూ అయ్యే పని కాదు.

మా వీధిలో విశ్రాంత లెక్కల మాస్టారొకరున్నారు. యంత్రం 28 శాతమన్నదని రాత్రి భోజనం మాని, రెండు అరటిపండ్లతో సరిపెట్టారు. మూడు నెలలలో 70 కిలోలు 66 అయ్యాయి. సంతోషించారు. కాని శాతం 27 దగ్గరే ఆగింది. ‘యంత్రం చెడిపోయిందండీ’ అన్నారు. లెక్క వేసి చూద్దాం. 70లో 28 శాతమంటే 19.6 కిలోల కొవ్వు. 66లో 27 శాతమంటే 17.8 కిలోలు. పోయిన నాలుగింటిలో కొవ్వు రెండు కిలోలైనా లేదు. మిగిలినది కండా, నీరూను. ఒక శాతం తేడా ఆ యంత్రపు పొరపాటు పరిధిలోనిదే కావచ్చు, కాదనను. అయితే మాస్టారు మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకొంటున్నారు, అది యంత్రం చెప్పినది కాదు. వయస్సుతో కండ కరగడానికి వైద్యులు పెట్టుకొన్న పేరు సార్కోపీనియా. గ్రీకులో మాంసం, దారిద్ర్యం అనే రెండు మాటల కలయిక అది. మాంసదారిద్ర్యమన్నమాట! ఈ దారిద్ర్యంలో కొవ్వు ఒక్క గ్రాము పెరగకపోయినా శాతం పెరుగుతుంది, హారం తగ్గింది కాబట్టి. దానిని చూసి మరింత పస్తుంటే హారం మరింత తగ్గుతుంది.

భార్యాభర్తలు ఒకే యంత్రం ఎక్కి ‘మీకు 24, నాకు 35’ అని పోల్చుకొనడం మరొక అన్యాయం. స్త్రీదేహానికి కొవ్వు సహజంగానే ఎక్కువ కావాలి.

శాతం చూసుకొనదలచినవారు నెలకొకసారి, ఒకే యంత్రం మీద, ఉదయం కాలకృత్యాలు తీర్చుకొని ఏమీ తాగకముందు చూసుకొని, పుస్తకంలో వ్రాసుకొంటే చాలు. ఒక్కరోజు అంకెను వదిలి ఆరునెలల నడకను చూడాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఆ యంత్రం జోలికే పోరాదు. దాని ప్రక్కనే దర్జీటేపు కొలతను కూడా వ్రాసుకొనాలి. చివరి ప్రక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. భారతీయులలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. పంచె కట్టే చోట కొలిచేవారున్నారు. బొజ్జ క్రిందికి పంచె జారిన పెద్దమనుషుల నడుము ఆ లెక్కన ఇరవయ్యేళ్ళుగా మారలేదు. ఇక కండ సంగతికి ఒక కుర్చీ చాలు. చేతులు గుండెకు కట్టుకొని, ఆసరా లేకుండా ఐదుసార్లు లేచి కూర్చొనాలి. 12 సెకన్లు, ఆ పైన పడితే కాళ్ళలో సత్తువ తగ్గిందని ఆసియా దేశాల నిపుణులు 2019లో నిర్ణయించారు. మాస్టారికి మొన్న 15 పట్టింది. రాత్రిపూట పప్పూ, పెరుగూ మళ్ళీ మొదలయ్యాయి. వైద్యునికి చూపించుకొన్నాక ఉదయం నడకలో పదేసిసార్లు బెంచీ మీద నుంచి లేచి కూర్చొంటున్నారు.