వాళ్ల వేలితోనే నేర్పండి

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్లే రహదారి మీద మియాపూర్ దాటగానే మదీనాగూడ వస్తుంది. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతమంతా మారిపోయింది. కంప్యూటర్లతో పనిచేసేవారు ఎందరో ఇక్కడ కాపురముంటున్నారు. అవే ఇళ్లలో, ఊళ్ల నుంచి వచ్చిన తాతయ్యలూ నాయనమ్మలూ ఉన్నారు. వారి చేతికి ఒక టాబ్లెట్ వస్తే, నేర్పే గురువు ఎవరు? చాలా ఇళ్లలో మీరే!

మరి మీరు ఎలా నేర్పుతున్నారు? నాయనమ్మ ఒకసారి తప్పు నొక్కగానే "ఇటివ్వు నాయనమ్మా" అని తీసుకుని, టకటకా నాలుగుచోట్ల తాకి, "అంతే!" అని తిరిగి ఇచ్చేస్తారు. పని అయిపోయింది. పాఠం మాత్రం జరగలేదు.

అసలు ఆమె వేలు ఎందుకు తడబడుతుందో ఆలోచించారా? టాబ్లెట్ అద్దం కింద, కంటికి కనబడని సన్నని వాహక గీతలు వలలాగా అల్లి ఉంటాయి. వాటిలో కొద్దిపాటి విద్యుదావేశం ఉంటుంది. మన శరీరం విద్యుద్వాహకం కనుక, వేలు తాకినచోట ఆ ఆవేశంలో మార్పు వస్తుంది. ఆ మార్పు ఎక్కడ వచ్చిందో లోపలి చిప్ లెక్కగడుతుంది. అంతేగాని, వేలి బలంతో దానికి పని లేదు. ప్లాస్టిక్ స్కేలుతో ఎంత గట్టిగా నొక్కినా తెర కదలదు. చేసి చూడండి!

పని చేసి చేసి కాయలు కాచిన వేలు, ఎండిపోయిన చర్మం ఈ మార్పును సరిగా కలిగించలేకపోవచ్చు. అప్పుడామె ఇంకా గట్టిగా, ఇంకా సేపు నొక్కుతుంది. జీవితమంతా స్విచ్చులు, మిక్సీ బటన్లు నొక్కిన చెయ్యి కదా! కాని ఈ తెర మీద సుమారు అర సెకను వేలు ఆపితే, అది వేరే ఆజ్ఞ అవుతుంది. తెలియనితనం కాదిది, వేరొక యంత్రం నేర్పిన అలవాటు.

2011 అక్టోబరులో ఢిల్లీలో ఆవిష్కరించిన, హైదరాబాదులో కూర్చిన చౌక టాబ్లెట్ 'ఆకాశ్' తెర సరిగ్గా ఇందుకు భిన్నం. అందులో రెండు పొరలు ఒకదానికొకటి తగిలేలా నొక్కవలసిందే. అంటే తెర మారితే, వేలి పద్ధతీ మారాలి. కాబట్టి ముందు వేలికి పాఠం చెప్పండి: తాకి వెంటనే తీసెయ్యడం, తాకి పట్టుకోవడం, తాకి జరపడం. ఆండ్రాయిడ్ టాబ్లెట్ సెట్టింగులలో యాక్సెసిబిలిటీ అనే విభాగం ఉంది. అక్కడ అక్షరాలను పెద్దవి చేయవచ్చు, పట్టుకునే వ్యవధిని పెంచవచ్చు.

రెండో పాఠం ఇంకా ముఖ్యం. "ఏమీ కాదులే, నొక్కు" అని ధైర్యం చెబుతారు మీరు. అది సగం నిజమే! పొరపాటున వేరే బొమ్మ తెరుచుకుంటే వెనక్కి రావచ్చు. కాని డబ్బు పంపే మీట, తెలియనివారు పంపిన లింకు అలాంటివి కావు. వెనక్కి తీసుకోగల నొక్కు ఏది, తీసుకోలేని నొక్కు ఏది అన్న తేడాయే టాబ్లెట్‌కు ఓనమాలు. యు.పి.ఐ.లో డబ్బు పంపడానికే పిన్ కావాలి, రావడానికి అక్కరలేదు. ఈ ఒక్క మాట తెలిసినవారిని మోసగించడం కష్టం. ఓ.టి.పి. ఎవరికీ చెప్పకూడదనీ, మోసం జరిగితే వెంటనే 1930కి ఫోను చెయ్యాలనీ కూడా చెప్పండి.

"మేమే చేసిపెడితే త్వరగా అవుతుంది కదా" అంటారేమో. నిజమే, త్వరగానే అవుతుంది. కాని మోసగాడి ఫోను మీరు ఇంట్లో ఉన్న వేళ చూసుకుని రాదు. మీరు బడిలో ఉన్నప్పుడు ఆమెకు తోడుండేది ఆమె నేర్చుకున్నదే.

అందుచేత ఈ ఆదివారం ఒక నియమం పెట్టుకోండి. టాబ్లెట్ నాయనమ్మ చేతిలోనే ఉండాలి. మీ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మాటలతోనే నేర్పండి. ఏది ఎందుకు జరుగుతుందో మాటల్లో చెప్పవలసి వచ్చినప్పుడు, మీకు నిజంగా ఎంత తెలుసో మీకే తెలుస్తుంది!